మేట మీద ఎవరూ లేరు

మార్చి 3, సోమవారం

ఈరోజునుంచి చీటీల పని. డాక్టరుగారు ఆరువందల పన్నెండు పరిశోధన పత్రాలు తెప్పించారు. సముద్రాన్ని పాడుచేయకుండా దాని మీద ఎలా బతకాలన్న సంగతి మీద ఏయే దేశాల్లో ఏం రాస్తున్నారో, పదేళ్ళలో ఆ రాతలు ఎటు మళ్ళాయో తేల్చి ఆవిడ ఒక పెద్ద వ్యాసం రాస్తారు. ఒక్కో పత్రానికి ఒక చీటీ. దాని మీద సంవత్సరం, విషయం రాసి గోడకి అంటించడం నా వంతు. గోడ మీద వరసలు గీశాను. చేపల వేట, చేపల పెంపకం, నాచు, గాలిమరలు, రేవులు, పర్యాటకం, కాపాడిన నీళ్ళు.

ఆవిడ సముద్రం డాక్టరు. ఇంజెక్షన్లు చేయరు. ఈ పరిశోధన కేంద్రం పెట్టిన కొత్తలో ఊళ్ళో ఆడవాళ్ళు మోకాళ్ళు చూపించుకోవడానికి వరస కట్టారు.

తీరంలో ఏ చోటు ఎవరికివ్వాలో తేల్చే బోర్డునుంచి సాయంత్రం పటం వచ్చింది. తీరమంతా రంగులు వేశారు. మేట పసుపు. పటం భాషలో 'ఆటుకి తేలి పోటుకి మునిగే బురదనేల, వెడల్పు మైలు'. పసుపంటే 'ఖాళీ, ఎవరి వాడకంలోనూ లేనిది'. అడుగున 'ఆధారం: పరిశోధన కేంద్రం వారి ఇంటింటి సర్వే' అని ఉంది.

ఆ సర్వే నేను చేసిందే. ఐదేళ్ళయింది. వాళ్ళు చెప్పిందే రాశాను.

మార్చి 4

నాచు వరసలో నలభై ఎనిమిది చీటీలు. పదేళ్ళ కిందటివి రెండే.

మార్చి 6, గురువారం

బోర్డు ఇంజనీరు వచ్చాడు. మంచి మనిషే. కుర్చీ చూపిస్తే దుమ్ము దులుపుకుని కూర్చునే రకం కాదు, ముందు నన్ను కూర్చోమని తర్వాత తను కూర్చుంటాడు. మేట మీద నాచు పెంచుతారట. వరసగా కర్రలు, కర్రలకి తాళ్ళు, తాళ్ళకి నాచు. ఎరువు అక్కర్లేదు, మంచినీళ్ళు అక్కర్లేదు, చేపపిల్లలు వచ్చి నాచులో దాక్కుంటాయి. డాక్టరుగారు మూడేళ్ళుగా దీనికోసం తిరుగుతున్నారు. గోడ మీద చీటీలు కూడా అదే చెబుతున్నాయి. చెడ్డ పనేం కాదు.

ఒకటే, చుట్టూ కంచె వేస్తారు. ఈ నెల ముప్పై ఒకటిన కమిటీ వచ్చి చూస్తుంది. ఏప్రిల్ ఆఖర్న తీర్మానం. మే నెలలో కంచె.

"ఇంత మేట ఊరికే పడి ఉందండీ ఇన్నాళ్ళూ," అన్నాడు ఇంజనీరు పటం మీద అరచెయ్యి ఆనించి. నా వైపు తిరిగి, "మీదీ ఈ ఊరేనటగా. ఎవరైనా వస్తూ పోతూ ఉంటారా అక్కడికి?"

"సర్వేలో ఉన్నదే సార్," అన్నాను.

డాక్టరుగారు చీటీల్లో తలమునకలుగా ఉన్నారు.

మార్చి 9, ఆదివారం

అక్క ఇంటికి వెళ్ళాను. అప్పుడే మేట నుంచి వచ్చింది. బల్ల గోడకి ఆనించి ఉంది. ఒక మోకాలు ఆ బల్ల మీద పెట్టి, రెండో కాలితో బురదని తంతూ పోతారు. పడవ వెళ్ళలేని చోటికి, మనిషి నడవలేని చోటికి బల్ల పోతుంది. అక్క బల్ల మధ్యలో మోకాలి గుంట పడింది. నాకు పదమూడేళ్ళప్పుడు అది నున్నగా ఉండేది.

"ఏరా ఫారాలబాబూ, దారి తప్పావా?" అంది చెంబుతో కాళ్ళ మీద నీళ్ళు పోసుకుంటూ. బుట్టనిండా గుల్లలు, కూరకీ సంతకీ. పక్కన గొడుగు పిన్ని తన వాటా ఏరుకుంటోంది. ఆవిడ ఎండైనా వానైనా ఒక చేత్తో గొడుగు పట్టుకుని రెండో చేత్తోనే బురద తవ్వుతుంది. అలా తవ్వి కూడా అందరికంటే నిండు బుట్ట ఆవిడదే.

"తప్పలేదే. నిన్ను చూద్దామని."

"చూశావుగా. ఇక ఇది చెప్పు. మేట మీద ఎవరో కర్రలు పాతారు. పైన ఎర్ర జెండాలు. నీ ఆఫీసువాళ్ళా?"

"ఏమో. కొలతలకేమో."

"కొలవనీ. కొలిస్తే అరగదు. కానీ వాళ్ళ గీత సరిగ్గా నిద్రలో ఉన్న వంతు మధ్యనుంచి పోయింది. తొక్కి తొక్కి పాడుచేశారు."

మేటని వీళ్ళు ఐదు వంతులు చేసుకున్నారు. ఎప్పుడూ ఒక వంతు నిద్రలో ఉంటుంది. మూడు నెలలు దాంట్లో ఎవరూ కాలు పెట్టరు. పెడితే ఆ మనిషి బుట్ట నెలంతా బోర్లా పెట్టుకోవాలి. రాసిపెట్టిన కాగితం లేదు. తప్పినవాళ్ళూ లేరు.

"నీకు చెప్పే ఉంటారులే, పెద్ద ఆఫీసరువి," అంది పిన్ని. "నీ బూట్లు విప్పి లోపలికి రా, నేల ఇప్పుడే కడిగింది మీ అక్క."

మార్చి 10

అక్కకి చెప్పలేదు. ఇంకా ఖాయం కాలేదుగా. ఖాయం కానిదాన్ని చెప్పి గాభరాపెట్టడం దేనికి.

మార్చి 13, గురువారం

ఐదువందల ముప్పై దాటాయి. ఈరోజు ఒక పత్రం దగ్గర ఆగిపోయాను. ఎక్కడో దూరదేశం. మన మేటలాంటిదే ఇంకో మేట. నిఘంటువు పక్కన పెట్టుకుని పూటంతా చదివాను. అందులో ఒకచోట ఇలా ఉంది:

'ఇంటింటికీ వెళ్ళి మీ పనేమిటని అడిగాం. ఆడవాళ్ళు ఏమీ లేదన్నారు. మేం అదే రాసుకున్నాం. రెండేళ్ళ తర్వాత నీళ్ళు తగ్గిన వేళ ఒకసారి నడిచి వెళ్ళాం. వాళ్ళందరూ అక్కడే ఉన్నారు.'

ఈ చీటీ ఏ వరసలో అంటించాలో తెలియలేదు. చేపల వేట కాదు, పెంపకం కాదు. అటువంటివి ఇప్పటికి నాలుగే తగిలాయి. అన్నిచోట్లా పడవల్నే లెక్కపెడతారు. కాళ్ళని లెక్కపెట్టరు.

ఆ చీటీ జేబులో పెట్టుకుని ఇంటికి వచ్చేశాను.

మార్చి 14

పాత ఫారాలు బయటికి తీశాను. అరవై ఎనిమిది ఇళ్ళు. ఆడవాళ్ళ గడిలో అన్నింటా ఒకటే మాట, నా అక్షరాల్లోనే. 'ఏమీ లేదు.'

వాళ్ళు చెప్పిందే రాశానన్నది నిజమే. మొదటి ఇంట్లో ముసలావిడ, "మాకు పనేముంది నాయనా, ఖాళీయే," అంది. చెయ్యి మాత్రం గుల్లలు వలుస్తూనే ఉంది. రెండో ఇంట్లో అలాగే, మూడో ఇంట్లో అలాగే. పడవెక్కి వెళ్ళేది పని. మేట మీదికి వెళ్ళడం పని కాదు, వెళ్ళి రావడం. వాళ్ళ లెక్క అది. నాకు ఆ లెక్క తెలుసు.

ఇరవై ఇళ్ళ తర్వాత అడగడం మానేశాను. అడిగినా అదే చెప్పేవాళ్ళని.

మార్చి 15

నలభై ఒకటో ఫారం సంగతి ఇక్కడ కూడా రాయను.

మార్చి 17, సోమవారం

సరంగుతో మాట్లాడాను. కేంద్రం పడవ ఆయనే నడుపుతాడు, పదహారేళ్ళుగా. మేట మీద పరీక్షలకి వెళ్ళినప్పుడల్లా ఎవరైనా కనిపించారా అని అడిగాను.

"ఎలా కనిపిస్తారయ్యా? మన పడవ తేలాలంటే మేట మీద ఐదడుగుల నీళ్ళుండాలి. ఐదడుగుల నీళ్ళుంటే వాళ్ళెందుకొస్తారు, ఈతకా?"

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"నన్నెవరడిగారు? నువ్వు టైము రాసిస్తావు, నేను తోలతాను."

పదహారేళ్ళు మేట మీదనుంచే పోయి, మేట చూసి వచ్చామని రాశాం.

మార్చి 18

సరే, రాస్తాను.

నలభై ఒకటో ఇల్లు అక్కది. నేనూ అప్పుడు ఆ ఇంట్లోనే ఉండేవాణ్ణి. ఉద్యోగంలో చేరి తొమ్మిది రోజులు. కొత్త బూట్లు. రేవులో కట్టేసిన పడవలో డాక్టరుగారు పక్కన కూర్చుని ఫారాలు సరిచూస్తూ, "మీ ఇంట్లో వాళ్ళేం చేస్తారు?" అన్నారు. మామూలుగా అడిగారు. "ఏమీ చేయరు మేడమ్, ఇంటి దగ్గరే," అన్నాను. డాక్టరుగారి ఎదుటే ఫారం నింపాను. అక్కని అడగలేదు.

ఆ పూట అక్క మేట మీద ఉంది. నా చదువు ఎక్కడినుంచి వచ్చిందో ఈ డైరీకి చెప్పక్కర్లేదు.

మార్చి 20, గురువారం

డాక్టరుగారికి చెప్పాను. అంతా చెప్పాను. జేబులో చీటీ కూడా ఇచ్చాను.

ఆవిడ అరవలేదు. అరిస్తే బాగుండేది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "ఈ ఫారాల మీద నేను మూడు పత్రాలు అచ్చు వేశాను," అన్నారు. అద్దాలు పెట్టుకుని, "ముగ్గురు వేరే దేశాలవాళ్ళు అవి చూపించి వాళ్ళ పత్రాలు రాశారు," అన్నారు.

రాజీనామా కాగితం బల్ల మీద పెట్టాను. ఆవిడ అది చదవకుండానే రెండుగా మడిచి, ఊగుతున్న బల్ల కాలి కింద దోపారు.

"నువ్వు పోతే మళ్ళీ సర్వే ఎవరు చేస్తారు? మీ అక్కా?"

మార్చి 21

చీటీలు అంటించాను. గాలిమరలు పదమూడు.

మార్చి 23, ఆదివారం

పొద్దున్నే డాక్టరుగారు మా వీధిలోకి వచ్చారు, చెప్పులు చేత్తో పట్టుకుని. "నడు," అన్నారు.

నడిచి వెళ్ళాం. నేను మేట మీదికి దిగి పదేళ్ళయింది. పాదానికి మొదట చల్లగా తగిలింది, తర్వాత మోకాలిదాకా పట్టేసింది. డాక్టరుగారు రెండుసార్లు పడ్డారు. మూడోసారి పడబోతుంటే అక్క బల్ల వచ్చి ఆగింది.

"ఎవరమ్మా నువ్వు? మోకాలు చూపించుకుందామంటే ఇప్పుడొచ్చావా?"

డాక్టరుగారు నవ్వారు. మూడురోజుల తర్వాత నవ్వడం. అక్క ఆవిణ్ణి బల్ల మీద కూర్చోబెట్టుకుని చూపించింది. బురదలో జంటగా రెండు చిన్న కన్నాలుంటే కింద గుల్ల ఉన్నట్టు. ఒంటి కన్నమైతే పీత. అక్క ప్రతి గుల్ల చుట్టూ తన రెండు వేళ్ళు చుట్టి చూస్తుంది. వేళ్ళ కొసలు కలిస్తే చిన్నదని వెనక్కి వేసేస్తుంది.

"ఎందుకు?" అన్నారు డాక్టరుగారు.

"ఇంకా పిల్లల్ని కనలేదు అది."

డాక్టరుగారు చతురస్రపు చట్రం వేసి లెక్కపెట్టారు. గజం చోటులో నూట ఆరు. నిద్ర వంతు పక్కనే ఇంకో చట్రం వేస్తే రెండువందల నలభై. నోటుపుస్తకం బురద అయింది, అయినా రాస్తూనే ఉన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు అన్నారు: "నేను చెప్తే అది నా పరిశోధన అవుతుంది. ఫారాలు నింపింది నువ్వు. కమిటీ ముందు నువ్వే చెప్పు. మీ అక్క ముందు కూడా."

"కమిటీ పోటుకి వస్తుందండీ. నీళ్ళు చూసి పోతుంది."

"పడవ టైము రాసేది ఎవరు?"

"నేనే."

"ఆటుపోట్ల పట్టిక నేనెప్పుడూ చూడలేదు. సంతకం పెట్టడమే నా పని."

మార్చి 25

పడవ టైము కాగితం టైపు చేశాను. మామూలుగా అయితే ముప్పై ఒకటిన ఎనిమిదింటికి వెళ్ళి పదికల్లా వెనక్కి రావాలి. తొమ్మిదింపావుకి బయల్దేరి పదకొండున్నరకి తిరిగి రావడం అని రాశాను. డాక్టరుగారు సంతకం పెట్టారు.

సరంగు కాగితం రెండుసార్లు చదివాడు. "ఈ టైముకి పోతే పడవ మేట మీద కూర్చుంటుంది."

"కూర్చోనీ."

"సాయంత్రం దాకా లేవదు."

"లేవకపోనీ."

"నా పడవేం కోడిపెట్ట కాదయ్యా, గుడ్డు పెట్టేదాకా కూర్చోడానికి." కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మా ఇంటిది కూడా మేట మీదికే పోతుంది. ఫారంలో ఏం రాశావో నేనూ చూశాలే అప్పుడు."

మార్చి 29

రేపు చెప్పాలి అక్కకి, కంచె సంగతీ ఫారం సంగతీ.

మార్చి 30

చెప్పలేదు. వెళ్ళాను, తిన్నాను, వచ్చాను.

మార్చి 31, సోమవారం

ఇది మొత్తం రాయాలి.

కమిటీ ఐదుగురు. అధ్యక్షుడు తెల్లగడ్డం పెద్దాయన. ఇంజనీరు, ఇంకో ముగ్గురు, డాక్టరుగారు, నేను, సరంగు. మేట మధ్యకి వెళ్ళేసరికి తొమ్మిదీ నలభై. నాలుగు వైపులా నీళ్ళే. ఇంజనీరు పటం విప్పి పట్టుకున్నాడు. "ఇక్కడినుంచి అక్కడిదాకా ఖాళీ సార్. ఐదేళ్ళ కిందటి సర్వే ఉంది, పదహారేళ్ళ పడవ రికార్డు ఉంది. మేట మీద ఎవరూ లేరు."

డాక్టరుగారు నీటి నమూనా తీసుకుంటానన్నారు. ఒక సీసా నింపడానికి అంతసేపు పట్టడం నేనెప్పుడూ చూడలేదు. సీసా మార్చారు. మళ్ళీ నింపారు. సరంగు ఇంజను ఆపి చుట్ట వెలిగించాడు.

పదిన్నరకి పడవ అడుగున మెత్తగా ఏదో తగిలింది. తర్వాత అది ఒక పక్కకి కొంచెం ఒరిగి కదలకుండా అయిపోయింది.

"ఏమైంది?" అన్నాడు అధ్యక్షుడు.

"కూర్చుందండి," అన్నాడు సరంగు.

"ఎప్పుడు లేస్తుంది?"

"సాయంత్రం ఆరున్నరకండి. సముద్రం మాట ఇచ్చింది."

ఇంజనీరు నా వైపు చూశాడు. టైము రాసేది నేనని ఆయనకి తెలుసు. నేను తల దించుకోలేదు. అప్పటికి ఆ మాత్రం వచ్చింది.

గంటలో నీళ్ళు పోయాయి. బురద ముక్కలు ముక్కలుగా తేలి ఒకటైపోయింది. అప్పుడు ఊరివైపునుంచి మొదట ఒక గొడుగు కనిపించింది. దాని వెనక మనుషులు, అటూ ఇటూ విస్తరించి, బల్లలు తోసుకుంటూ. అరవై మందికి పైనే. బురద మీద బల్లల చప్పుడు తప్ప ఇంకేం లేదు.

అధ్యక్షుడు లేచి నిలబడ్డాడు. "ఎవరు వాళ్ళు?"

"ఎవరూ లేని చోట ఉండేవాళ్ళు సార్," అన్నాడు సరంగు.

అక్క బల్ల పడవ పక్కకి వచ్చి ఆగింది. ఆమె నన్ను చూసింది, పలకరించలేదు. ఆఫీసువాళ్ళ ముందు నన్నెప్పుడూ పలకరించదు. నేనే అలా నేర్పాను.

"మిమ్మల్ని ఇవాళ ఇక్కడికి ఎవరైనా రమ్మన్నారా అమ్మా?" అని అడిగాడు ఇంజనీరు. మర్యాదగానే అడిగాడు.

"పిలిస్తే వచ్చేవాళ్ళం కాదండీ, నీళ్ళు తగ్గితే వచ్చేవాళ్ళం. మీరే మా తోవకి అడ్డంగా పడవ పెట్టుకున్నారు. కాస్త జరుపుకుంటారా?"

సరంగు పొగ మింగి దగ్గాడు.

"కానీ సర్వేలో అరవై ఎనిమిది ఇళ్ళవాళ్ళూ ఏమీ లేదనే రాయించారు," అన్నాడు ఇంజనీరు. సంచిలోంచి నకళ్ళు తీశాడు. మంచి ఇంజనీరు, అన్నీ తెచ్చుకున్నాడు. "ఒక్కరంటే ఒక్కరు కూడా మేట పేరెత్తలేదు. ఇప్పుడు మేం దేన్ని నమ్మాలి?"

ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. గొడుగు పిన్ని, "అన్నాం కాబోలు," అంది మెల్లగా. ఇంజనీరు నకళ్ళు అధ్యక్షుడి చేతికిచ్చాడు. ఆ క్షణంలో మేట పోయినట్టే అనిపించింది నాకు.

నేను పడవ దిగాను. బూట్లతోనే దిగాను, విప్పే టైము లేదు. బురద మోకాలి దాకా వచ్చింది.

"ఆ ఫారాలు నేను రాసినవి," అన్నాను. "తప్పుగా అడిగాను. వాళ్ళకి పనంటే పడవెక్కేదే. అది నాకు తెలుసు, తెలిసే అలా అడిగాను. ఇరవై ఇళ్ళ తర్వాత అసలు అడగలేదు. నలభై ఒకటో ఇల్లు మాది. ఈవిడ మా అక్క. ఈవిడ ఇరవై రెండేళ్ళుగా మేట మీదికి వస్తోంది. ఏమీ చేయదని రాశాను. సిగ్గుపడి రాశాను."

అనుకున్నదానికంటే తక్కువ మాటల్లోనే అయిపోయింది.

అక్క చేతిలో గుల్ల ఉంది. దాన్ని బుట్టలో వేసింది.

"నన్నడిగావా?"

"లేదు."

"అడిగితే ఏం చెప్పేదాన్నో తెలుసా?"

"ఏం చెప్పేదానివి?"

"ఏమీ లేదనే చెప్పేదాన్ని." చుట్టూ ఉన్న ఆడవాళ్ళు పకాలున నవ్వారు. ఆమె నవ్వలేదు. "అయినా అడగాల్సింది."

"అవును."

"బూట్లు పాడైపోయాయిరా," అంది. అంతే.

తర్వాత అధ్యక్షుడు దిగాడు. ప్యాంటు మడిచి, చెప్పులు పడవలోనే వదిలేసి, తొడ దాకా దిగబడి, ఇద్దరు ఆడవాళ్ళు చంకల కింద చేతులు వేసి లేపితే బల్లెక్కాడు. పిల్లాడిలా పట్టుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం రెండున్నర దాకా తిప్పారు ఆయన్ని. జంట కన్నాలు చూపించారు. రెండు వేళ్ళ కొలత చూపించారు. నిద్ర వంతు అంచున బల్లలన్నీ గీత గీసినట్టు ఆగిపోయాయి. అక్కడ ఎర్ర జెండాల కర్రలు ఇంకా ఉన్నాయి.

డాక్టరుగారు చెప్పారు: "ఇలా వంతులు పెట్టి ఆపుకోవడం మీద నా గోడకి ముప్పై ఏడు పత్రాలున్నాయండీ. అన్నీ ఈ ఆరేడేళ్ళలో వచ్చినవే. ఇప్పుడు ప్రపంచమంతా దీని గురించే రాస్తోంది."

"ఆరేడేళ్ళా?" అంది గొడుగు పిన్ని. "మా అత్తగారి అత్తగారు పెట్టిన వంతులివి. పాపం, వాళ్ళకి కబురు కాస్త ఆలస్యంగా అందినట్టుంది."

అధ్యక్షుడు అంత గట్టిగా నవ్వుతాడని ఇంజనీరుకి కూడా తెలియదనుకుంటాను.

పడవ లేచేదాకా ఎవరూ ఆగలేదు. బల్లల మీదే ఒడ్డుకి చేరారు. అధ్యక్షుడు అక్క బల్ల మీద. ఇంజనీరు పిన్ని బల్ల మీద, పటం ఒళ్ళో పెట్టుకుని, గొడుగు ఆయనే పట్టుకుని. "సరిగ్గా పట్టు నాయనా, ఎండ నా మీద పడుతోంది," అని పిన్ని దారంతా సతాయించింది.

నేను నడిచి వచ్చాను. అందరికంటే ఆఖర్న.

ఏప్రిల్ 3

డాక్టరుగారు తన పత్రాలు అచ్చు వేసిన పత్రికలకి మూడు ఉత్తరాలు రాశారు. తన మూడు పత్రాలూ తప్పు లెక్క మీద నిలబడ్డాయని, వెనక్కి తీసుకుంటున్నానని. పోస్టు చేసి వచ్చి టీ తాగారు. చక్కెర వేసుకోవడం మరిచిపోయారు, తాగేశారు.

ఏప్రిల్ 7, సోమవారం

మళ్ళీ ఇంటింటికీ. ఈసారి 'మీ పనేమిటి' అన్న గడి కొట్టేశాం. కొత్త ప్రశ్న: 'నిన్న నీళ్ళు తగ్గినప్పుడు ఎక్కడున్నారు?'

మొదటి ఇల్లు. ముసలావిడ నన్ను ఎగాదిగా చూసింది. "మేట మీద. ఇంకెక్కడుంటాను, మీ ఆఫీసులోనా?"

రెండో ఇల్లు: "మేట మీద."

మూడో ఇల్లు: "మేట మీద. నువ్వు కూడా అక్కడే పుట్టబోయావు, తెలుసా? మీ అమ్మని బల్ల మీద తోసుకొచ్చాం."

ఇది నాకెవరూ చెప్పలేదు. అక్క ఇంటికి వెళ్ళి అడిగితే, "నువ్వు అడగలేదుగా," అంది.

ఏప్రిల్ 16

అరవై ఎనిమిది ఇళ్ళూ అయ్యాయి. అరవై ఏడింట్లో మేట. మిగిలిన ఒక్కరికి నడుం పట్టేసింది, ఆ వారం వెళ్ళలేదు. ఫారంలో అలాగే రాయమంది, 'నడుం బాగైతే వెళ్తాను' అని. రాశాను.

ఏప్రిల్ 22

గోడ మీద ఎనిమిదో వరస గీశాను. డాక్టరుగారు దానికి 'కాళ్ళు' అని పేరు పెట్టారు. నాలుగు చీటీలు. మనది అచ్చయితే ఐదు.

ఏప్రిల్ 29, మంగళవారం

తీర్మానం వచ్చింది!

మేట పసుపు కాదు. ఆకుపచ్చ. 'ఊరివారి వాడకంలో ఉన్నది.' ఐదు వంతులూ పటంలో గీశారు, నిద్ర వంతుతో సహా, మూడు నెలలకోసారి మారుతుందని కూడా రాశారు. కంచె లేదు. నాచు తాళ్ళు మేట అంచు దాటాక లోతు నీళ్ళలో. కొత్తగా గీసింది ఇంజనీరే. నాచుకి కూడా అక్కడే బాగుంటుందని, ముందే చూసుకోవాల్సిందని రాశాడు. నాచు పని మేటవాళ్ళని అడిగాకే మరొకరికి.

వీధిలో అందరికీ చదివి వినిపించాను. ఆకుపచ్చ అన్నచోట మూడుసార్లు చదివించుకున్నారు. సరంగు పడవ హారను అదేపనిగా మోగించాడు, రేవులో కుక్కలన్నీ లేచాయి. డాక్టరుగారిని బల్ల మీద కూర్చోబెట్టి నలుగురు ఎత్తుకుని తిప్పారు. "దించండి, పడతాను," అని ఆవిడ, "బురదలో పడితే రెండుసార్లు లేచావుగా తల్లీ," అని పిన్ని.

అక్క లోపలికి వెళ్ళి బల్ల కడిగింది. కడిగి ఉన్న బల్లనే.

మే 2

మేట బాగోగులు చూడడానికి బోర్డు మేట కమిటీ వేసింది. ఊరినుంచి ఇద్దరు. అక్క, గొడుగు పిన్ని. చేతులెత్తమంటే అందరూ రెండేసి ఎత్తారు. మళ్ళీ లెక్కపెట్టాల్సి వచ్చింది.

మే 5, సోమవారం

బోర్డునుంచి మొదటి సమావేశానికి పిలుపు. పన్నెండో తేదీ, ఉదయం పదకొండింటికి, బోర్డు భవనం, రెండో అంతస్తు.

అక్కకి చదివి వినిపించాను. వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంది.

"పన్నెండున పున్నమి. పదకొండింటికి మేట తేలుతూ ఉంటుంది. కుదరదని రాయి."

"అక్కా, బోర్డు మీటింగే. అధ్యక్షుడే పిలిచాడు. ఏం కారణం రాయను?"

"పని ఉందని రాయి."

రాశాను. సంతకం ఆమే పెట్టింది, నెమ్మదిగా.

మే 9, శుక్రవారం

జవాబు వచ్చింది. సమావేశం సాయంత్రం నాలుగింటికి మార్చారు. ఇకమీదట ఈ కమిటీ సమావేశాలన్నీ పోటు వేళల్లోనే పెడతారట, సంవత్సరానికి సరిపడా ఆటుపోట్ల పట్టిక కేంద్రం పంపాలట.

"నాలుగింటికైతే వస్తామను," అంది అక్క. "పిన్ని మెట్లెక్కలేదు. కింది అంతస్తులో కుర్చీలు వేయించమను."

మే 12, సోమవారం

పదకొండింటికి అందరూ మేట మీద ఉన్నారు. నేనూ ఉన్నాను. సెలవు పెట్టాను. నాలుగు గుల్లలు తీశాను, మూడు పిల్లగుల్లలు, వెనక్కి వేయించారు.

సాయంత్రం అక్క, పిన్ని బోర్డుకి వెళ్ళారు. చేరేసరికి నాలుగూ ఇరవై అయిందట. కింది అంతస్తులో కుర్చీలు వేసి ఉన్నాయట. తలుపు తీసేసరికి పదకొండుమంది లేచి నిలబడ్డారట. వీళ్ళు వచ్చేదాకా మొదలుపెట్టలేదట.